కైలాసం చూడకుండా టిబెట్ నుంచి వచ్చినవాడి మాట

టిబెట్ కొండల్లో నెల రోజులు తిరిగొచ్చానని చెప్పగానే మా పెద్దమ్మ అడిగిన మొదటి మాట, "కైలాస దర్శనం అయ్యిందా నాయనా?" అని. అటు వెళ్ళలేదన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "అంత దూరం వెళ్ళి..." అని ఆగిపోయి, మాట మార్చి, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. 2019 జులైలో, గుంటూరులో వాళ్ళింట్లో జరిగింది ఇది. నా మీద ఆవిడ పడిన జాలి ఇప్పటికీ గుర్తుంది.

2020 నుంచి ఐదేళ్ళు ఆగిపోయిన కైలాస మానససరోవర యాత్ర 2025లో మళ్ళీ మొదలైంది. అప్పటి నుంచి చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "నువ్వు అటు వెళ్ళొచ్చావు కదా, ఏం పట్టుకెళ్ళాలి? ఏ మందులు వేసుకోవాలి?" అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకి చెప్పాలనుకున్నది ఫోన్లో రెండు నిమిషాల్లో అయ్యే పని కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మన తెలుగువాళ్ళ ఊహలో టిబెట్ అంటే ఒక కొండ, ఒక సరస్సు. అక్కడ శివుడుంటాడు, మంచుంటుంది, గాలి సరిగ్గా అందదు. మనుషులు మాత్రం ఉండరు. ఆ నేల మీద కాపురాలున్నాయనీ, పిల్లలు గుణింతాలు దిద్దుతారనీ, సంతలో బేరాలు తెగుతాయనీ మనకి తట్టదు. కైలాసం వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు వందలకొద్దీ చూశాను. వాటిలో ఒక్క టిబెటన్ మొహం కూడా లేని ఆల్బమ్‌లే ఎక్కువ. బైకుల మీద ఎత్తైన కనుమలు దాటొచ్చే కుర్రాళ్ళ ఫోటోల్లోనూ మీటర్ల అంకె రాసిన బోర్డే ఉంటుంది. ఇది పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. భక్తికి నేను ఎదురు మాట్లాడటం లేదు. ఒకరి ఇంటికి వెళ్ళి, దేవుడి గదికి దణ్ణం పెట్టుకుని, ఇంట్లోవాళ్ళని పలకరించకుండా వచ్చేస్తే మన ఊళ్ళో ఏమంటారో ఆలోచించమంటున్నాను.

ముందుగా మా బావ అభ్యంతరం సంగతి. "నువ్వు తిరిగింది సిచువాన్ రాష్ట్రంలో. అది టిబెట్ ఎలా అవుతుంది?" అన్నాడు మ్యాప్ తీసి. సర్కారు గీతల ప్రకారం బావ మాట నిజమే. కానీ టిబెటన్లు తమ దేశాన్ని మూడు ప్రాంతాలుగా చెప్పుకుంటారు. లాసా చుట్టుపక్కల ఊ-త్సాంగ్, ఈశాన్యాన ఆమ్దో, తూర్పున ఖామ్. చైనాలోని టిబెటన్లలో సగానికి పైగా ఉండేది టిబెట్ అటానమస్ రీజియన్ బయటే, అంటే సిచువాన్, చింగ్‌హాయ్, గాన్సు, యునాన్ రాష్ట్రాల్లో కలిసిపోయిన ఆమ్దో, ఖామ్‌లలో. అటానమస్ రీజియన్‌లో విదేశీయులు సొంతంగా తిరగడానికి వీల్లేదు. పర్మిట్ కావాలి, ఏజెన్సీ కావాలి, గైడూ బండీ వెంట ఉండాలి. ఖామ్‌లోని సిచువాన్ భాగంలో మాత్రం వీపున సంచి తగిలించుకుని మామూలు బస్సులో తిరగొచ్చు. సిచువాన్ రాజధాని చెంగ్డూలో నా కాంట్రాక్టు ముగిసింది, వీసాకి ఇంకా నెలన్నర గడువుంది, చైనీస్ కాస్త వచ్చింది. మే నెలాఖర్లో బయలుదేరాను.

చెంగ్డూ 500 మీటర్ల ఎత్తు. శిన్‌నాన్‌మెన్ బస్టాండులో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి కాంగ్డింగ్. దారిలో యాన్ అనే ఊరి నుంచి కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు అప్పటికి ఐదు నెలల కిందటే పూర్తిగా తెరిచారు. సొరంగం దాటితే వంతెన, వంతెన దాటితే సొరంగం. ఈ రోడ్లేవీ పడకముందు యాన్ టీ మూటలన్నీ ఈ కొండల మీదుగా మనుషుల వీపుల మీదే వెళ్ళేవి. తమ ఒంటి బరువుకి మించిన మూటలు. మూట దింపితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టం కాబట్టి, దాన్ని వెనక నుంచి ఊతకర్ర మీద ఆనించి, నిలబడే ఊపిరి తీసుకునేవారట. కాంగ్డింగ్‌ని టిబెటన్లు దార్చెందో అంటారు. టీ వచ్చి ఆగేది అక్కడే. అక్కడి నుంచి తోళ్ళలో కుట్టిన టీ జడల బర్రెల మీదా కంచరగాడిదల మీదా లాసా దాకా వెళ్ళేది. నేను కూర్చున్నది కుషన్ సీట్లో. కిటికీలోంచి లోయలు చూస్తుంటే ఆ వీపులే గుర్తొచ్చాయి.

రోడ్డు పేరు జాతీయ రహదారి 318. చెంగ్డూ నుంచి లాసా దాకా సుమారు 2,100 కిలోమీటర్లు. లాసాకి మొదటిసారి లారీలు చేరింది 1954 డిసెంబరులో. ఇదీ, చింగ్‌హాయ్ నుంచి వెళ్ళేదీ, లాసా రోడ్లు రెండూ వేయడంలో మూడు వేల మందికి పైగా చనిపోయారని చైనా ప్రభుత్వమే చెబుతుంది.

కాంగ్డింగ్ దాటాక జెదో కనుమ, 4,298 మీటర్లు. బస్సు ఆ మెలికలు ఎక్కుతుంటే ముందు సీటు ముసలాయన కిటికీ అద్దం జరిపి గుప్పెడు కాగితపు ముక్కలు గాల్లోకి విసిరాడు. ఒక్కో ముక్క మీద గుర్రం బొమ్మ. "ల్హా గ్యల్ లో!" అని అరిచాడు. బస్సులో ఇంకో పదిమంది గొంతు కలిపారు. దేవతలకు జయం అని దాని అర్థం. మనం ఘాట్ రోడ్డు ఎక్కుతూ "గోవిందా" అన్నట్టే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కాంగ్డింగ్ 2,500 మీటర్లు. ఒక్క రాత్రే పడుకుని, మర్నాడే లితాంగ్ వెళ్ళిపోయాను. లితాంగ్ 4,000 మీటర్లు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాను, ఊరంతా తిరిగాను కూడా. రాత్రి పడుకున్నాక మొదలైంది. కళ్ళ వెనక రోకటి పోటు లాంటి నొప్పి. కునుకు పట్టగానే ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేవడం, గబగబా గాలి పీల్చడం, మళ్ళీ కునుకు, మళ్ళీ ఆగడం. తెల్లారేదాకా అదే వరస. వాంతి కూడా అయ్యింది.

పొద్దున్న లాడ్జి ఇంటావిడ వేడినీళ్ళ ఫ్లాస్కు తెచ్చి, నా పెదాలు చూసి ఆగిపోయింది. యాభై ఏళ్ళుంటాయి. రెండు జడలు కలిపి తల చుట్టూ చుట్టుకుంది, చెంపలు ఎండకి కందిపోయి ఉన్నాయి. "మొన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అంది చైనీస్‌లో. కాంగ్డింగ్ అన్నాను. "అంతకు ముందు?" చెంగ్డూ అన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, తనలో తానే టిబెటన్‌లో ఏదో తిట్టుకుంది. రెండో రాత్రికి ముందే ఇచ్చిన డబ్బులు నా జేబులో పెట్టేసింది. నా సంచి తనే భుజాన వేసుకుని రోడ్డు మీదకి నడిచి, యాజియాంగ్ వెళ్ళే షేర్ వ్యాన్ ఆపింది. ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి దింపి వెనక ఎక్కించి, నన్ను కూర్చోబెట్టింది. "కిందకి. రెండు రోజులు. తర్వాత రా," అంది. అంతే.

యాజియాంగ్ 2,600 మీటర్లు. ఒక నది ఒడ్డున నిటారు కొండకి అతుక్కున్న ఊరు. అక్కడికి చేరిన మూడు గంటల్లో తలనొప్పి పోయింది. ఆకలి వేసింది.

4,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతమే. డాక్టర్లు చెప్పే లెక్క తేలికే: 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకచోట ఆగిపోవాలి. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరడం మొదలైతే ఆక్సిజన్ సిలిండరు కాసేపు ఆదుకుంటుంది, అసలు మందు కిందకి దిగడమే. టిబెటన్లలో చాలామందికి ఈ ఎత్తుని తట్టుకునే ఒక జన్యువు ఉంది. ఎప్పుడో అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి వాళ్ళకి వచ్చిందని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. మనకి అది లేదు. మనకున్నది వాళ్ళ మాట వినడమే.

అరవై దాటినవాళ్ళని ఖాట్మండు నుంచి తీసుకెళ్ళి, సరిహద్దు ఊరు కేరుంగ్ మీదుగా మూడు నాలుగు రోజుల్లో 4,500 మీటర్ల మీద పడుకోబెట్టే ప్రోగ్రాములు చూస్తే నాకు భయమేస్తుంది. "పెద్దవాళ్ళు పాపం, ఎక్కువ రోజులంటే ఖర్చు పెరుగుతుంది, సెలవులు దొరకవు" అంటారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. లక్షలు పోసి జన్మకోసారి వెళ్ళే యాత్ర అది. అయినా కొత్త దుస్తులు కొనడం తగ్గించుకోండి, షాపింగ్ మానుకోండి, రెండు రోజులు మాత్రం పెంచమని అడగండి. దారిలో లోకల్ డ్రైవరో, వంటావిడో మీ మొహం చూసి కిందకి దిగమంటే, గ్రూపు ముందుకెళ్ళిపోతున్నా సరే, దిగండి. ఆ కొండల్లో మనుషులున్నారని గుర్తుపెట్టుకోవడం ముందుగా మన ప్రాణానికే మంచిది.

కోలుకున్నాక వెనక్కి వెళ్ళి, తాగోంగ్‌లో నాలుగు రోజులున్నాను. 3,700 మీటర్లు, చుట్టూ పచ్చిక బయలు, ఊరి మధ్య పాత మఠం. అక్కడి ఒక టీ దుకాణంలో జరిగిన దాన్ని నేను జీవితాంతం మర్చిపోను.

నేను వెన్న టీ తాగుతున్నాను. ఇటుకలా అచ్చుపోసిన టీ ఆకుని నల్లగా మరిగించి, వెన్నా ఉప్పూ వేసి చిలుకుతారు. వెన్న జడల బర్రెది. మనం యాక్ అంటాం కానీ, వాళ్ళ భాషలో యాక్ అంటే పోతు. పాలిచ్చేదాన్ని ద్రి అంటారు. యాక్ పాలు అంటే నవ్వుతారు. మన పాత మాట జడల బర్రె ఈ విషయంలో చక్కగా సరిపోతుంది. టీతో పాటు గిన్నెలో త్సంపా పెట్టారు. వేయించిన బార్లీ పిండి. అందులో కాస్త టీ పోసి, గిన్నె తిప్పుతూ వేళ్ళతో కలిపి ముద్ద చేసుకుని తినడమే. నోట్లో పెట్టుకోగానే తొలి ఏకాదశి నాడు తినే పేలపిండి గుర్తొచ్చింది. ఆ ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే అన్నం పలుకు మీదే ఉండిపోతుంది. ముందే వేగిన పిండికి ఆ బాధ లేదు. వాళ్ళ తిండి వెనక వందల ఏళ్ళ తెలివి ఉంది.

పక్క బల్ల మీద దుకాణం వాళ్ళమ్మాయి హోంవర్క్ చేసుకుంటోంది. ఏడెనిమిదేళ్ళుంటాయి. గీతల పుస్తకంలో టిబెటన్ అక్షరాలు దిద్దుతూ పైకి చదువుతోంది. "క, ఖ, గ, ఙ. చ, ఛ, జ, ఞ." నేను తల తిప్పి చూశాను. "త, థ, ద, న. ప, ఫ, బ, మ." మన వర్గాలే, మన వరసే. ఘ, ఝ లాంటివి మాత్రం లేవు. ఆ పిల్ల పేజీ తిప్పింది. ఇప్పుడు రాగం తీస్తూ, "క గిగు కి, క షప్‌క్యు కు, క దెంగ్‌బు కె, క నారో కొ."

నా ఒళ్ళు జలదరించింది. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. మా ఊరి బడిలో, నేల మీద కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని మేమంతా ఊగుతూ పాడిన పాట అది. అదే పాట, అదే ఊపు, హిమాలయాలకి అటువైపున! ఏడో శతాబ్దంలో తోన్మి సంభోట అనే ఆయన మన దేశం వచ్చి లిపి నేర్చుకుని వెళ్ళి ఈ అక్షరాలు కట్టాడని టిబెటన్లు చెప్పుకుంటారు. అక్షరం కింద అక్షరం తగిలించే ఒత్తులు కూడా వాళ్ళకున్నాయి. నేను ఒక కాగితం మీద తెలుగులో క, కి, కు, కె, కొ రాసి, పాడి వినిపించాను. ఆ పిల్ల వాళ్ళమ్మని పిలిచింది. వాళ్ళమ్మ వచ్చి చూసి, నా కప్పు మళ్ళీ నింపింది. తర్వాత గంటసేపు నేను ఒక అక్షరం రాయడం, ఆ పిల్ల దాని పక్కన తనది రాయడం. మన "మ" గుండ్రంగా ఉందని దానికి తెగ నచ్చింది. ఆ కాగితం అడిగి తనే ఉంచేసుకుంది.

మానససరోవరం ఒడ్డున ఎవరికైనా దొరికే అనుభూతిని నేను తక్కువ చేయను. నాకు దొరికింది మాత్రం ఈ గుణింతం.

రెండోసారి లితాంగ్ చేరినప్పుడు తలనొప్పి రాలేదు. ఇంటావిడ చూసి తల ఊపింది, అంతే. లితాంగ్ మఠం 1580లో మూడో దలైలామా స్థాపించింది. ఏడో దలైలామా ఆ ఊళ్ళోనే పుట్టాడు. 1956లో దాని మీద చైనా సైన్యం బాంబులు పడ్డాయి. ఇప్పుడు కనిపించేది చాలావరకు మళ్ళీ కట్టుకున్నదే. అక్కడ ఒక నడివయసు భిక్షువు ఏ ఊరని అడిగాడు. ఇండియా, అమరావతి దగ్గర అన్నాను. అర్థం కాలేదు. దాని పాత పేరు ధాన్యకటకం అన్నాను. అప్పటికీ కాలేదు. నేను చదువుకున్న టిబెటన్ పేరు గుర్తొచ్చి, "పల్దెన్ ద్రెపుంగ్" అన్నాను. ఆయన చేతిలో జపమాల ఆగిపోయింది. బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. ద్రెపుంగ్ అంటే బియ్యపు రాశి, మన పేరుకి వాళ్ళ అనువాదం. 1416లో లాసా పక్కన కట్టిన మహామఠానికి ఆ పేరే పెట్టుకున్నారు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మా కృష్ణ ఒడ్డుకి పెట్టిన దణ్ణం అది.

2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. గుంటూరు బస్టాండు నిండా మెరూన్ బట్టల భిక్షువులు. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ ఆయనతో అనలేదు. అక్కడ దలైలామా ఫోటో ఉన్నా ప్రమాదమే. మనం నోరు జారి బస్సెక్కి వెళ్ళిపోతాం, వినవలసిన ప్రశ్నలు వాళ్ళు వింటారు. వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇది మనసులో పెట్టుకోండి.

అది యార్సా గుంబు కాలం. వేసవిలో గడ్డి, చలికాలంలో పురుగు అని ఆ పేరుకి అర్థం. మట్టిలో ఉన్న చిమ్మట పురుగుకి బూజు పట్టి, దాన్ని చంపి, తల లోంచి గోధుమరంగు మొలకలా పైకి వస్తుంది. చైనా మందుల్లో దానికి బంగారం ధర. ఊళ్ళకి ఊళ్ళు మే, జూన్ నెలల్లో కొండెక్కి, నేల మీద బోర్లా పడుకుని గడ్డిలో వెతుకుతాయి. చాలా ఇళ్ళకి ఏడాది మొత్తానికీ చేతికొచ్చే నగదు అదే. లితాంగ్ వీధిలో ఆడవాళ్ళు కూర్చుని టూత్‌బ్రష్షులతో ఒక్కో పురుగుకీ మట్టి దులుపుతున్నారు. ఇద్దరు మగవాళ్ళు పొడుగు చేతుల చొక్కాల్లో చేతులు దాచి, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడుతున్నారు. మన పశువుల సంతలో తువ్వాలు కింద చేసే బేరమే. పెదవి కదలకుండా ధర తెగింది. ఇద్దరి కళ్ళలోనూ తెగిందని కనిపించింది.

లితాంగ్ నుంచి బతాంగ్ వెళ్ళే దారిలో వ్యాను ఆగితే ఒక కుటుంబం కనిపించింది. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు. లాసాకి సాష్టాంగ నమస్కారాలు చేస్తూ వెళ్తున్నారు. చేతులకి చెక్క పలకలు, ఒంటికి మందపాటి తోలు. తల మీద, గొంతు దగ్గర, గుండె దగ్గర చేతులు జోడించి, ముందుకి సాగిలపడి, నుదురు తారుకి ఆనించి, లేచి మూడడుగులు వేసి మళ్ళీ. పక్క నుంచి లారీలు వెళ్తున్నాయి. వెనకాల ఒకతను డేరా, పిండి, కెటిల్ ఉన్న తోపుడుబండి తోసుకుంటూ వస్తున్నాడు. రోజుకి ఆరేడు కిలోమీటర్లు వెళ్తామన్నాడు. అక్కడి నుంచి లాసా ఇంకా 1,400 కిలోమీటర్ల పైనే. ఆ తల్లి నుదుటి మీద కాయ కాసింది. నా దగ్గరున్న ఆపిల్ పళ్ళు ఇస్తే, ఆవిడ తన సంచిలోంచి ఎండు జున్ను ముక్క తీసి నా నోట్లోనే పెట్టింది.

బతాంగ్ దాటితే జిన్షా నది. దాని అవతలి ఒడ్డు అటానమస్ రీజియన్. 2018 నవంబరులో ఎగువన కొండ విరిగిపడి నదికి అడ్డం కట్టినట్టయి, ఆ నీళ్ళు తెగినప్పుడు పాత వంతెన కొట్టుకుపోయింది. నా ప్రయాణం ఆ నది దగ్గర ఆగిపోయింది, పర్మిట్ లేదు కాబట్టి. వ్యానులో నాకు రెండు గంటలు పట్టిన దూరానికి ఆ తల్లికి రెండు వారాలకి పైనే పట్టి ఉంటుంది. ఆవిడ మాత్రం నది దాటి ఉంటుంది.

ఇదంతా పెద్దమ్మకి చెప్పింది చాలా ఆలస్యంగా, పోయిన సంక్రాంతికి. ఆవిడ కైలాస పరిక్రమ 2014లో చేసింది. ఆ యాత్ర గురించి ఎప్పుడు చెప్పినా శిఖరం, సరస్సు, చలి, అంతే. ఈసారి నేను అడిగాను, "అక్కడి మనుషులు ఎవరైనా గుర్తున్నారా పెద్దమ్మా?" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పరిక్రమ దారిలో డోల్మా లా కనుమ ఎక్కే రోజు గుర్రం పట్టుకుని నడిచిన కుర్రాడు. పద్దెనిమిదేళ్ళుంటాయి. దిగేటప్పుడు గుర్రం మీద కూర్చోనివ్వరు, నడవాలి. ఆ రాళ్ళలో ఈవిడ చెయ్యి వదలకుండా గంటన్నర పట్టుకుని దింపాడట. ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పల్లీ ఉండలు రెండిస్తే, ఒకటి తిని, ఇంకొకటి జేబులో పెట్టుకుని, ఇంటి వైపు అన్నట్టు చెయ్యి చూపించాడట. పన్నెండేళ్ళ తర్వాత ఆ మాట చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"పేరు అడగలేదురా. ఎలా అడగాలో కూడా తెలియదు."

నేను చెప్పాను. ఆవిడ లేచి, ఫోన్ నంబర్లు రాసుకునే డైరీ తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుంది. పక్కింటివాళ్ళు ఈ ఏడాది యాత్రకి వెళ్తున్నారట, వాళ్ళకిస్తానంది. నేను ఒక్కో ముక్కా విడదీసి పలికాను. ఖేరాంగ్ గి త్సెన్‌లా ఖరే రే.

"మొదటిది మామూలు క నా, ఒత్తు ఖ నా?" అంది పెన్ను పట్టుకుని.

"ఒత్తు ఖ పెద్దమ్మా."